సినిమాలో లేని మాట

పాతికేళ్ల కిందట ఉగాండాలోని మసాకా ఊళ్లో వీడియో హాల్లో చూసిన ప్రేమ సినిమా కూతురి ఫోన్‌లో కనబడగానే నబ్బోసా సంబరంగా కూర్చుంది. చివరికొచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. రైల్వేస్టేషన్‌లో హీరో "నువ్వు లేకపోతే నాకు అరటికాయ మటోకే ముద్ద దిగదు" అనాలి కదా! కూతురు ఇంగ్లీషుకు అర్థం చెబితే తెలిసింది, వీడేమో "నా పెట్టె వచ్చిందా?" అని అడిగి ఊరుకున్నాడు. వెనక పాట కూడా లేదు.

ఆ మాటే అప్పజెప్పి మొగుడు కిగ్గుండు అప్పట్లో ఆమెను పెళ్లికి ఒప్పించాడు మరి!

ఆమె నేరుగా లుబ్వామా చపాతీల బండి దగ్గరికెళ్లింది. అప్పట్లో హాల్లో మైకు పట్టుకుని ఇంగ్లీషు సినిమాలకు లుగాండాలో మాటలు చెప్పిందీ, మధ్యలో క్యాసెట్ పాటలు వేసిందీ ఆయనే.

"ఎంత మోసం అన్నా! ఆ హీరో అడిగింది పెట్టె గురించి!"

లుబ్వామా చపాతీ తిప్పుతూ నవ్వాడు. "నాకు ఇంగ్లీషెక్కడ వచ్చమ్మా? కిగ్గుండేమో అప్పటికి వారం నుంచీ నీ వెనక బెంచీలో కూర్చుని నోరు విప్పడు. వాడికో మాట అందిద్దామని హీరో చేత అనిపించా. పాట కూడా నీకిష్టమైనదే వేశా."



"ఆదివారం మా ఇంటికి భోజనానికి రా అన్నా," అంది నబ్బోసా. "మటోకే వండుతా. నువ్వు లేకపోతే మాకు ముద్ద దిగదు."