రాళ్ళవాలు వగరు

మావయ్యగారూ, బావగారూ, రాళ్ళవాలు మీది ద్రాక్షతోటని చంపబోయింది మీరిద్దరే. చీడ కాదు, వడగళ్ళు కాదు. మీ నాలుక, మీ పంతం.

నేను ఈ ఇంటి చిన్నకోడల్ని. నోరెక్కువని పేరు. పేరు ఎలాగూ వచ్చేసింది కాబట్టి చెప్పేస్తాను.

మా కింది పొలంలో రెండు రకాల ద్రాక్ష కాస్తుంది, రెండూ మెత్తటివే. పైన రాళ్ళవాలు మీద అత్తయ్య నాటిన మూడో రకం ఉంది, చిన్న నల్లపండు, తోలు మందం. ఏటా దాన్ని విడిగా పిండి విడిగా పీపాలో పోసేవారు. పీపాల్లోని వైన్లు రుచి చూసి ఒకటిగా కలిపే రోజున మగవాళ్ళు ఒక్క గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, చెక్క నమిలినట్టుందని తీర్పు చెప్పేవారు. అంతే, ఆ పీపా వెనిగర్ వాళ్ళకి. మెత్తటివి రెండూ కలిసి సీసాకెక్కేవి. ఆ వైన్ రుచి గొంతు దిగేలోపే మరుపున పడేది. కొనేవాళ్ళు మెల్లగా జారుకున్నారు. తప్పెవరిదట? రాళ్ళవాలుదట. పీకేసి అక్కడా మెత్తటి రకమే వేద్దామని బావగారు ట్రాక్టరు మాట్లాడేశారు. వైన్ కలిపిన మర్నాడే వస్తుందన్నారు.

కలపడం మా ఇంట్లో నడి చలికాలంలో, నేలమాళిగలో, నిలబడి, ఆడవాళ్ళు మెట్లు దిగకుండా. ఎందుకంటే ఎప్పట్నించో అంతే. అక్కడ మంచినీళ్ళు తాగినా పళ్ళు జివ్వుమంటాయి. ఆ చలికి వగరు రెండింతలవుతుంది. అత్తయ్యకి తెలుసు. వెనిగర్ బండి రాకముందే ఏటా ఒక కూజాడు దాచుకుని వెచ్చటి వంటింట్లో తాగేది మరి.

ఈసారి ఆవిడ మెట్లు దిగింది. వెనకే నేను. మూడు పీపాల్లోంచి మూడు కూజాలు పట్టి, ఎవర్నీ అడక్కుండా పైన వంటింట్లోకి తెచ్చేసింది. వైనే పైకెళ్ళాక మగవాళ్ళు కింద ఏం చేస్తారు, వచ్చారు. గ్లాసులో ముక్కు ముంచితే తియ్యరని కూలీలు చాటుగా ముక్కుగారని పిలుచుకునే బావగారు, పొయ్యి పక్కన కూర్చోవడమే పరువు తక్కువన్నట్టు ముడుచుకున్నారు. కూజాల చలి వదిలేదాకా అత్తయ్య తీరిగ్గా గిన్నెలు తుడిచింది. తరవాత గ్లాసుల్లో మెత్తటి వైన్లు రెండూ పోసి, పైన రాళ్ళవాలుది చిన్న గరిటెడు వేసింది.

మావయ్యగారు గుక్క వేసుకుని ఉమ్మడానికి గిన్నె వెతికారు. అత్తయ్య ఇవ్వలేదు.

"మింగండి. ఇన్నేళ్ళూ నా వంట మింగారుగా."

మింగారు. మెత్తటి వైన్‌కి వెన్నెముక వచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నోట్లో నిటారుగా నిలబడే ఉంది. ముక్కుగారు రెండో గ్లాసుకి చెయ్యి చాపారు. అత్తయ్య కూజా వెనక్కి లాగింది.

"ముందు ట్రాక్టరాయనకి ఫోన్ చెయ్యి, రావద్దని."

మా ముందే చేశారు. నేను పగలబడి నవ్వాను, ఎవరేమనుకున్నా సరే.

అలా కలిపిన వైన్ సీసాలకెక్కి బయటికెళ్ళాక, జారుకున్న వ్యాపారులంతా మా గేటు ముందు వరస కట్టారు. నిన్న వాళ్ళలో ఒకాయన ఇంత గొప్పగా ఎవరు కలిపారండీ అనడిగాడు. మావయ్యగారు గొంతు సవరించుకుని, "మేమే" అన్నారు. అత్తయ్య అక్కడే సీసాలు తుడుస్తోంది.

మీరు కాదు. ఆవిడ. కింది పొలంలో కొన్ని వరసలకి రాళ్ళవాలు రకం అంటు కట్టించండి. ఇకమీదట వైన్ వంటింట్లోనే కలపాలి, అత్తయ్యే కలపాలి. ఆ వ్యాపారి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ఇవాళే పిలిచి, కలిపిందెవరో మీ నోటితోనే చెప్పండి.