మొదలుపెట్టే మనిషి

ఒక కన్ను పొయ్యి మీది పాల మీద, రెండు చేతులూ భర్త డబ్బా మూత మీద, ఒక చెవి ఆయన అడుగుతున్న ప్రశ్నల మీద పెట్టి ఉన్న వేళ ఆమె ఫోను మోగింది. రెండో చెవి ఖాళీగానే ఉంది కదా అని భుజానికీ దానికీ మధ్య ఫోను ఇరికించుకుంది. అవతల మేనేజరు. కొత్త కంప్యూటరు ప్రోగ్రాము చూపించడానికి పొద్దున్నే నేత మిల్లుకు వెళ్ళిన బృందంలో ఆమె లేదు. "అంత పొద్దున్నే మీకు ఇంటి దగ్గర ఇబ్బంది కదమ్మా" అని నాలుగు రోజుల కిందట ఎంతో దయగా ఆయనే ఆమె పేరు కొట్టేశాడు. ఇబ్బంది అని ఆమె చెప్పిందా? ఆమెను ఎవరైనా అడిగారా?

"మనది స్టార్ట్ అవడం లేదమ్మా" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఏడాదిగా ఆమె చేసిన పనల్లా అది స్టార్ట్ అయ్యేలా చూడటమే. ఆ ప్రోగ్రాము లోపల ఒక ఇంటర్‌ప్రెటర్ ఉంటుంది. మిల్లువాళ్ళు తమకు కావలసింది నాలుగు ముక్కల్లో ఒక ఫైల్లో రాసుకుంటే, అది చదివి మగ్గాల చేత చేయిస్తుంది. కానీ కళ్ళు తెరిచేసరికి దానికి కూడికలూ తీసివేతలూ తప్ప ఏమీ రావు, మగ్గమంటే ఏమిటో తెలియదు. దాన్ని లేపాలి, పోగు మార్చడం, మగ్గం ఆపడం లాంటి నూట ఎనభై ఆదేశాలు ఒక్కొక్కటే నేర్పాలి, అవన్నీ వచ్చాకే మిల్లువాళ్ళ ఫైలు దాని ముందు పెట్టాలి. ఇదంతా రెండు సెకన్లలో అయిపోతుంది. అయిపోతుంది కాబట్టే అక్కడ ఒక పని ఉందని ఎవరికీ తోచదు. ఏడాది చివర సమీక్షలో మేనేజరు, "నొక్కితే తెరుచుకుంటుంది, అందులో చెప్పుకోవడానికి ఏముందమ్మా" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు కొత్తేమీ కాదు. "మా కోడలిది కుర్చీలో కూర్చునే ఉద్యోగం, వంటంటారా, అదెంతసేపు" అని అత్తగారు వచ్చినవాళ్ళతో అంటున్నప్పుడూ అదే నవ్వు వినిపిస్తుంది. భర్త ఇంకా మంచివాడు. "నీకివన్నీ అలవాటేగా" అంటాడు.

ఫోను రంగులాయన చేతికి మారింది. తెర మీద బొమ్మలూ రంగులూ చూసే సహోద్యోగికి ఆమె తన మనసులో పెట్టుకున్న పేరది. ఆయన కాసేపు నసిగాడు. మిల్లువాళ్ళ రంగులు అన్నిటికంటే ముందు కనబడితే బాగుంటుందని, ప్రోగ్రాములో వాళ్ళ ఫైలు చదివించే వరుసను నిన్న పైకి జరిపాడట. ఆదేశాలు నేర్పే వరుస కిందికి పోయింది. ఆఫీసులో పెట్టుకున్న ఫైల్లో రంగులు తప్ప ఇంకేమీ లేవు కాబట్టి బ్రహ్మాండంగా నడిచింది. మిల్లు ఫైల్లో నాలుగో వరుసలోనే మగ్గం మాట వచ్చింది, ఇదేమిటో నాకు తెలియదని ఇంటర్‌ప్రెటర్ చేతులెత్తేసింది. ఆ రెండు వరుసలూ కదపొద్దని ఆమె ఆయనకు మూడుసార్లు చెప్పింది, నాలుగోసారి ఆ వరుసల పైనే రాసిపెట్టింది. చదివితే కదా.

"ఎక్కడ మార్చాలో ఫోన్లో చెప్పేయండి మేడం, రెండు నిమిషాలు."

నిజంగానే రెండు నిమిషాలు. సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ అలాగే చెప్పేసింది, బస్సులో నిలబడి, ఆసుపత్రి వరుసలో కూర్చుని, ఒకసారి స్నానాల గది తలుపు సందులోంచి కూడా. సమయానికి ఆదుకున్నందుకు రంగులాయనకు అభినందనలంటూ మర్నాడు అందరికీ ఉత్తరం వెళ్ళేది. అది మీటింగులో చదివినప్పుడల్లా ఆమె కూడా చప్పట్లు కొట్టింది, సిగ్గు లేకుండా.

"ఫోన్లో చెప్తే మీరు చేసినట్టుంటుంది" అంది. "నేనొస్తున్నా. అప్పటిదాకా ఏదీ ముట్టుకోకండి."

పొయ్యి ఆపేసింది. "మరి నా డబ్బా?" అన్నాడు భర్త. సగం సర్దిన డబ్బా, మూత ఆయన రెండు చేతుల్లో పెట్టి చెప్పులు వేసుకుంది. అత్తగారు వెనకనుంచి ఏదో అన్నారు. ఏమన్నారో వినడానికి ఆమె ఆగలేదు.

మిల్లు గదిలో కంప్యూటరు ముందు ఒకటే కుర్చీ, అందులో రంగులాయన. ఎదురుగా మిల్లు తరఫున నేతపని చూసే పెద్దావిడ పుస్తకం మూసి పెట్టుకుని, ముఖం ముడుచుకుని కూర్చుంది. ఆమె లోపలికి రాగానే మేనేజరు కుర్చీ వెనక చోటు చూపించి, "మీరు చెప్తుండండమ్మా, ఆయన కొడతాడు" అన్నాడు.

"మీరు లేవండి" అంది ఆమె రంగులాయనతో.

ఆయన మేనేజరు వంక చూశాడు. మేనేజరు గోడ వంక చూశాడు. చివరికి రంగులాయన లేచాడు.

రెండు వరుసలు. అటుది ఇటు, ఇటుది అటు. నొక్కగానే తెర తెరుచుకుంది, గోడ అవతల ఉన్న మగ్గాలన్నీ అందులో వరసగా పేర్లతో సహా కనిపించాయి. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. మేనేజరు ఊపిరి పీల్చుకుని, చాలా థాంక్సమ్మా, ఇక మీరు బయల్దేరండి, ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు, మిగతాది మేం చూపిస్తాం అన్నాడు.

ఆమె లేవలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని పెద్దావిడ వైపు తిరిగింది.

"ఇది రాసింది నేను. ఏం చూపించమంటారో నన్నడగండి."