ఎవరూ కూర్చోని కుర్చీలు

కుర్చీలు మెత్తగానే ఉన్నాయి, ఆ మాటకొస్తే ఇంట్లో సోఫా కంటే మెత్తగా ఉన్నాయి, పొద్దున్నే ఎవరూ రాకముందు కౌంటరు వెనక ఉండే ఆవిడే ఒకదాంట్లో కూర్చుని చూసింది, అయినా హాలు నిండా జనం ఉండి కూడా ఒక్కరూ కూర్చోరు, గోడకి చేరబడి, కిటికీకి ఆనుకుని, ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడే ఉంటారు, డైరెక్టరుగారేమో కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు గంటకోసారి వచ్చి, ఏమండీ, వీళ్లు కూర్చోరేంటండీ, ప్రభుత్వం మారి తొమ్మిది నెలలైంది, గోడలకి రంగులేశాం, కుర్చీలేశాం, ఇంకేం చెయ్యాలి, కాస్త చెప్పండి, అంటాడు, మంచివాడే పాపం, నిజంగానే బాధపడతాడు, కానీ ఈ హాల్లో కూర్చోవడమంటే ఏమిటో ఆయనకెవరు చెప్తారు, పదకొండేళ్లుగా ఈ కౌంటరు వెనకున్న తనే చెప్పాలి, తనకేమో నోరు రాదు.

ఎలా చెప్తుంది, కాగితాలు లేకుండా ఈ దేశంలో ఉంటున్నవాళ్లు వారానికోసారి వచ్చి ఇక్కడ సంతకం పెట్టిపోవాలి, అది అప్పుడూ ఉంది ఇప్పుడూ ఉంది, అప్పుడు మాత్రం కంప్యూటర్లో పేరు పక్కన ఎర్ర గుర్తు కనిపిస్తే తను తల ఎత్తకుండా, అలా కాస్త కూర్చోండి, పిలుస్తాను, అనేది, కంగారు పెట్టకుండా మెత్తగా చెప్పాలని పైనుంచి ఆదేశం, వాళ్లు కూర్చునేవాళ్లు, కొందరు దండం కూడా పెట్టేవాళ్లు, ఐదు నిమిషాల్లో పక్క తలుపు తెరుచుకుని ఇద్దరు మనుషులు వచ్చేవాళ్లు, తర్వాత వ్యాను, తర్వాత విమానం, తను తర్వాతి నంబరు పిలిచేది, ఇంటికెళ్లి అన్నం తినేది కూడా, అదే ఆశ్చర్యం, అన్నం ఎలా దిగేదో.

ఆ ఆలోచన అలా సాగుతుండగానే కౌంటరు కిటికీ అవతల దర్జీ ఆవిడ నవ్వు మొహం, మంగళవారం కదా, ఆరేళ్లుగా మంగళవారమంటే ఆవిడే, జేబులో ఎప్పుడూ సూదీ దారం ఉంటాయి, ఒకసారి, మేడమ్, మీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది, ఇలా రండి, అని వెనక జనం గొణుగుతుంటే అప్పటికింకా అద్దం బిగించని కిటికీలోంచే వంగి కుట్టేసింది, దారం కొరకడానికి వంగినప్పుడు ఆ ఊపిరి మెడకి వెచ్చగా తగిలింది, అమ్మ పోయాక అంత దగ్గరగా వచ్చి తన బట్టలు సరిచేసినవాళ్లు లేరు, ఈవిడకి నేనంటే భయం లేదు అనుకుంది ఆ రోజు, ఎంత హాయిగా అనిపించిందో, వీళ్లందర్లో ఒక్కరైనా భయపడకుండా వస్తున్నారు అని. ఇవాళ ఆవిడ పాదాలు చెప్పుల్లో పట్టకుండా వాచిపోయి ఉన్నాయి, పెద్ద ఆర్డరు మేడమ్, రెండు రోజులు మిషను దిగలేదు, అంటోంది, ఇవాళే ఆఖరు తేదీ, ఐదేళ్లు దాటి ఉంటున్నవాళ్లు దరఖాస్తు ఇచ్చి లోపల ఆఫీసరుతో పది నిమిషాలు మాట్లాడితే ఉండటానికి అనుమతి వస్తుంది, ఇవాళ దాటితే రాదు, ఆవిడ పేరు పక్కన పాత ప్రభుత్వం దిగిపోయే ముందు రోజు పడ్డ ఎర్ర గుర్తు ఇంకా ఉంది, ప్రభుత్వం మారినా ఆ జాబితా చెరిపేసే అధికారం ఎవరిదో తేలక అలాగే ఉంచేశారు, దాని దుమ్ము దులపడానికి ఎవరికో ఒక రోజు బుద్ధి పుడితే చాలు, అందుకే తనే గబగబా ఫారం నింపింది, ముద్ర కొట్టింది, లోపల రద్దీగా ఉందమ్మా, గంట పట్టొచ్చు, అంది, ఆ పాదాలు చూసి, నిజంగా జాలితోనే, అలా కాస్త కూర్చోమ్మా, పిలుస్తాను, అనేసింది.

అదే మాట, అదే గొంతు.

దర్జీ మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టు ఉండిపోయి రంగు మాత్రం పోయింది, సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి కిటికీ కింద నుంచి తోసింది, మేడమ్, పక్కింటి అక్క నంబరు ఇందులో ఉంది, మూడున్నరకి మా పాపని బడి నుంచి తీసుకెళ్లమనండి, మిగతావన్నీ రాసే ఉంచాను, అంది, కాగితం మడతల దగ్గర పీలికలై ఉంది, విప్పితే, పాప ఒకటో తరగతి, అది కొట్టేసి రెండు, అదీ కొట్టేసి మూడు, అలా ఆరు దాకా, చీకటంటే భయం దీపం ఆర్పొద్దు అన్న మాట కొట్టేసి పక్కన, లెక్కలంటే భయం తిట్టొద్దు, అని వేరే రంగు సిరాతో, అంటే ఈ కాగితం ఆరేళ్లుగా ఆ సంచిలో ఉందన్నమాట, తన భుజం కుట్టిన రోజు కూడా ఉందన్నమాట. అయ్యో కాదమ్మా, అని అరిచింది గానీ అప్పటికే వెనక్కి తిరిగిన ఆవిడకి అద్దం అవతల ఏం వినిపించిందో, బయటికి వెళ్లాలంటే ఉన్నది ఆ పక్క తలుపే, అది తెరవగానే హాల్లో తల్లులు పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్నారు.

దర్జీ పక్కన నిలబడి, వాళ్లెవరూ రారమ్మా, నేను పొరపాటున అన్నాను, మాట్లాడి వచ్చెయ్యడమే, అంది, రేపు మళ్లీ వేరే ప్రభుత్వం వస్తే మేడమ్, అప్పుడు ఈ ఫారంలో రాసిన చిరునామాకే వస్తారుగా, అంది దర్జీ, రారు అందామని నోటిదాకా వచ్చింది, ఆ నోటితో ఇన్నాళ్లూ ఎన్ని మెత్తటి మాటలు చెప్పిందో గుర్తొచ్చి, నాకు తెలీదమ్మా, అంది, అనుమతి రాకపోతే మాత్రం ఆ పాత గుర్తు అలాగే ఉంటుంది, అది తెలుసు, వెళ్లిపోవాలంటే వెళ్లిపో, తలుపు తెరిచే ఉంది, నేను ఆపను. దర్జీ వీధి తలుపు వైపు చూసింది, చాలాసేపు చూసింది, వెళ్లలేదు, గోడకి చేరబడింది, ఈవిడా ఆ పక్కనే చేరబడింది, కౌంటరు దగ్గర జనం ఆగిపోయారు, డైరెక్టరుగారు వచ్చి ఏదో అనబోయి ఇద్దరి మొహాలూ చూసి తనే ఆ కౌంటర్లో కూర్చున్నాడు, మీ పాపకి లెక్కలెందుకు రావు, అని ఈవిడ, నా పోలికే మేడమ్, అని ఆవిడ.

ముప్పావుగంటకి లోపలి నుంచి పేరు పిలిచారు, దర్జీ జుట్టు సవరించుకుని, ఆ వాచిన కాళ్లతో, తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది, భయం పోయి వెళ్లలేదు, తనని నమ్మి వెళ్లలేదు, ప్రభుత్వాన్ని నమ్మి అసలే వెళ్లలేదు, ఆరేళ్లుగా ప్రతి మంగళవారం ఎలా వచ్చిందో అలాగే వెళ్లింది, ఇవాళే తీసుకుపోతారనుకుంటూ, పాపకి జడ వేసి, బడికి పంపి, నవ్వు మొహం పెట్టుకుని, ఎదురుగా ఉన్న మనిషి చొక్కా కుట్టు ఊడితే చూడలేక కుట్టి, ఆ నవ్వుని తను మంచిదాన్నని వచ్చిన సర్టిఫికెట్టులా దాచుకుంది తను, ఆవిడకి తనంటే భయం లేదనుకుంది, ఈ హాల్లో అందరికంటే ఎక్కువ భయం ఆవిడకే, అందరికంటే ఎక్కువ దయా ఆవిడదే.