చదవకుండా నొక్కే వేలు

ఆఫీసులో ఆమెను అందరూ అక్షరాలమ్మ అనేవారు. క్రిప్టో నాణేలు, అంటే డిజిటల్ డబ్బు, దాచుకునే వాలెట్ తెర మీద కనబడే ప్రతి మాటా ఆమె రాసిందే. కొత్త వాలెట్ ఎల్లుండి విడుదల. ఆ ఉదయం అయిదుగురు బయటివాళ్లను పిలిచి, వాలెట్‌ను ఒక యాప్‌కు కలపమన్నారు. యాప్ ఉత్తుత్తిదే, దొంగ యాప్ ఎలా అడుగుతుందో అలాగే అడిగేట్టు తయారుచేశారు. "అనుమతి పరిధి: అపరిమితం" అని తెర మీద పడింది. అయిదుగురూ రెప్పపాటులో "సరే" నొక్కేశారు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మేనేజరు మాత్రం మొహం చేటంత చేసుకుని, "చూశావా, ఎవరూ ఎక్కడా ఆగలేదు!" అన్నాడు.

"ఆగాల్సిన చోట కూడా ఆగలేదు సార్. ఆ ఒక్క నొక్కుతో వాలెట్ మొత్తం ఊడ్చుకుపోవచ్చు."

"అపరిమితం అని రాశాం కదా. చదవకపోతే మనమేం చేస్తాం?"

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. మెట్లు రెండుసార్లు ఎక్కి దిగింది. ఇక ఉండబట్టలేక, రెండు వీధుల అవతల ఉన్న పిన్ని ఇంటికి వెళ్లింది. పిన్ని ముప్పై ఏళ్లు ఆపరేషన్ వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. దుప్పట్లు మడతపెడుతున్న ఆవిడ చేతికి అదే తెర ఉన్న ఫోనిస్తే, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా "సరే" నొక్కింది.

"ఏం నొక్కావో తెలుసా పిన్నీ?"

"నువ్విచ్చావు, నొక్కాను. ఏమే, ఏమైంది?"

సంగతంతా విని పిన్ని దుప్పటి పక్కన పెట్టింది. "ఆపరేషన్ కాగితం ఇస్తే జనం సంతకం ఎక్కడ పెట్టాలనే అడిగేవాళ్లు గానీ అందులో ఏముందని అడిగేవాళ్లు కాదే. అందుకే పెన్ను ఇచ్చేముందు నేనే అడిగేదాన్ని, ఏ కాలికండీ అని. ఒకాయన ఎడమకాలన్నాడు. కాగితంలో కుడికాలుంది."

అక్షరాలమ్మ చెప్పులు సగం వేసుకుని ఆఫీసుకు పరుగెత్తింది. "అపరిమితం" తీసిపారేసింది. "మీరు ఒప్పుకుంటే, ఈ యాప్ ఇక మిమ్మల్ని అడగకుండానే మీ నాణేలన్నీ తీసుకోగలదు" అని రాసింది. కింద, "ఎంతవరకు తీసుకోనిస్తారు?" అంటూ ఖాళీ గడి. అది నింపితే తప్ప "సరే" కనబడదు. ప్రోగ్రామరు "నా ప్రాణం తియ్యి" అని సణుగుతూనే సాయంత్రానికి చేసిచ్చాడు.

మర్నాడు మరో అయిదుగురు వచ్చారు. ముగ్గురు ఆగిపోయారు. అందులో ఒకావిడ "అన్నీనా!" అంటూ ఫోను నిప్పుకణికలా బల్ల మీద పడేసింది. నాలుగో మనిషి చిన్న అంకె వేశాడు. అయిదోవాడు టాక్సీ డ్రైవరు. వాక్యమంతా పైకి చదివి, గడిలో వాలెట్‌లోని మొత్తం నాణేల అంకె వేసి "సరే" నొక్కాడు.

"తెలిసీ ఎందుకిచ్చారండీ?"

"యాప్ అడిగింది కదమ్మా. ఇవ్వకపోతే పని కాదేమోనని."

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. "విడుదల వారం వాయిదా. పైవాళ్లకు నువ్వే చెప్పుకో" అని విసురుగా వెళ్లిపోయాడు.

గెలిచినట్టే. అయినా బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేకపోయింది. ఆ టాక్సీ డ్రైవరు మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. రెండు స్టాపుల ముందే దిగి, ఫోన్లో "తక్కువ ఇచ్చినా మీ పని ఆగదు" అని రాసింది. అది అన్ని యాప్‌ల విషయంలో నిజం కాదు. చెరిపేసింది. మళ్లీ రాస్తూ నడిచింది.