నొప్పులు లేవన్న మణెమ్మ

పెనం మీద రొట్టె మాడుతున్నా పంచాయితీ తెగడం లేదు. ఇటిక్యాల దగ్గర కౌలుకు పట్టిన సీడు పత్తి చేనులో విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగు పని మొదలైంది. అత్త మణెమ్మ చేనుకు పోవద్దని కోడలు కృప. రాత్రిపూట వేసుకునే గుండె గోలి ఇక ముట్టనని మణెమ్మ.

“పొద్దంత వంగి పూలు పట్టుకుంటే కాళ్లు గుంజక ఏం జేస్తయ్ అత్తమ్మా? గోలిని ఎందుకంటవ్?”

“చేనుల గుంజుడు నాకు తెల్వదా? అది పండుకుంటే పోతది. గిది పండుకున్నా పోతలేదు. ఆ గోలి మొదలువెట్టినంకనే గిట్లయింది.”

“గోలి బందువెడితే మల్ల గుండె పట్టుకుంటది,” అన్నాడు కొడుకు జయపాల్. నిరుడు తల్లిని హైదరాబాదు తోలుకుపోయి స్టెంటు వేయించింది అతనే.

“పట్టుకోనీ. నిలవడనియ్యని కాళ్లతోని బతికేం జెయ్యాలె?”

మణెమ్మ భర్త యేసయ్య నవ్వాడు. “మొన్న చర్చిల ప్రార్థన అయినంక అందరు లేసిండ్రు, ఈమె లేవలే. మణెమ్మ లెక్క ప్రార్థన చెయ్యాలని పాస్టరమ్మ అందరికి చెప్పబట్టె!”

కృపకు నవ్వాగలేదు. మణెమ్మ నవ్వలేదు. ఆ రోజు మోకాళ్ల మీద ఆమె దేవుణ్ని అడిగింది ఒకటే: ఎవరూ చెయ్యి పట్టకుండా లేపమని. ఇవాళ లేవడానికి చెయ్యి కావాలి, రేపు నీళ్ల చెంబుకు కూడా ఇంకొకరి మొహం చూడాలి. గుండె ఆగిపోవడం కంటే ఆమెకు అదే భయం.

డాక్టరును అడిగినాకే ఏదైనా అని యేసయ్య తీర్పు చెప్పాడు. జయపాల్ తల్లిని బండి మీద గద్వాలకు తీసుకుపోయాడు.

డాక్టరు చీటీలు తిరగేసి, వచ్చినప్పుడల్లా అడిగే మాటే అడిగాడు. “నొప్పులేమైనా వస్తున్నాయా అమ్మా?”

మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పింది. “లేవు సారు.”

జయపాల్ బిత్తరపోయాడు. “ఏందమ్మా! పొద్దుగాల ఇంట్ల అంత లొల్లి చేస్తివి. ఈడికొచ్చి లేవంటవేంది?”

“కొడుకు ముంగట గా మాట అడుగుతరా సారు? ఈ వయసుల నాకు నొప్పులేంది? నాకు తొడలు గుంజుతున్నయ్. పిక్కలు మెలివెడుతున్నయ్. కూసుంటే లేసొస్తలేదు.”

డాక్టరుకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆమె లెక్కలో నొప్పులంటే కాన్పు నొప్పులే. నవ్వబోయి ఆగాడు. “నేనే సరిగ్గా అడగలేదమ్మా,” అని లేచి వచ్చి పిక్కలు నొక్కి చూశాడు. కొవ్వు తగ్గించే ఆ గోలి కొందరికి కండరాలు పట్టేసేలా చేస్తుందని, రక్తపరీక్ష చేసి, దాన్ని కొన్ని వారాలు ఆపి చూద్దామని, తగ్గితే వేరే రకం తక్కువ మోతాదులో ఇస్తానని చెప్పాడు. “మిగతా గోలీలు ఒక్కపూట కూడా తప్పొద్దు. తప్పితే స్టెంటు మూసుకుపోతుంది. కండరాలు మరీ దెబ్బతింటే మూత్రం రంగు మారుతుంది. అట్లా ఏమైనా మారిందా?”

మణెమ్మ గోడ వైపు చూసింది.

“గట్లాంటిదేం లేదు సార్,” అన్నాడు జయపాల్.

తిరుగుదారిలో బండి మీద ఆమెకు ఆ మాటే మెదులుతూ ఉంది. రంగేం మారలేదు, నిజమే. కానీ వీనికెట్ల తెలుసు? మారినా వీడు అదే చెప్పేవాడు, తను అట్లాగే గోడ చూసేది. కొడుకు మీద కోపం రాలేదు. తల్లి కోసం పరుగెత్తినవాడు. కానీ కాళ్లు ఆమెవి, గుండె ఆమెది. వాటి సంగతి నోరు తెరిచి చెప్పుకోలేక, ఇంట్లో అందరితో కొట్లాడి గోలి పారేయబోయింది.

సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నారు. డాక్టరు చెప్పిందంతా జయపాల్ వినిపించాడు. నొప్పుల ముచ్చట వచ్చినప్పుడు యేసయ్యకు నవ్వుతో పొలమారింది. మణెమ్మ అందరికీ పప్పు వేసి, గిన్నె కింద పెట్టి, మెల్లగా అంది:

“కొత్త గోలి ఇస్తే ఏసుకుంట. మల్ల కాళ్లు గుంజితే డాక్టరుకే చెప్త, నా అంతట నేను బందువెట్టను. కాళ్లు కుదిరేదాక చేనుకు రాను. మల్లసారి దవాఖానకు కృపను తోల్కపోత. లోపలికి మేమిద్దరమే పోతం. జయపాలూ, నువ్వు బండి కాడ ఉండు బిడ్డా.”