మూడో విజిల్

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఇదొక్కటి మాత్రం చెప్పుకుంటాను.

కాలేజీలో మా ముగ్గురికీ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు విశ్రాంతి గది కోసం, కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చునేవాళ్లు వినడానికి శబ్దాలు కూర్చాలి. పాట ఉండకూడదు, మాట ఉండకూడదు. ప్రతి శబ్దమూ ఈ చుట్టుపక్కల మేమే రికార్డు చేసుకురావాలి.

జశ్వంత్ లింగంపల్లి స్టేషనులో రైలు కదిలే చప్పుడు, దుర్గం చెరువు దగ్గర గాలి తెచ్చాడు. రమ్య తన కాలనీలో పొద్దున్నే వాకిలి ఊడ్చే చీపురును, పావురాల కువకువలను పట్టుకొచ్చింది. నేను తెచ్చింది ఒక్కటే. హఫీజ్‌పేటలో రమ్య వాళ్లింటికి భోజనానికి వెళ్లినరోజు, వంటింట్లో పప్పు కుక్కరు సన్నగా బుసకొడుతోంది. అది వింటూ ఉంటే హాల్లో కూర్చున్న నాకు బిగుసుకున్న భుజాలు వాటంతటవే కిందికి జారాయి. వెంటనే ఫోను తీసి రికార్డు చేశాను.

నేను మాట్లాడేది తక్కువ. మడకశిర దగ్గర మా ఊరి బడిలోనూ అంతే, ఇక్కడా అంతే. పోయినసారి ప్రాజెక్టులో సగం పని నాదే అయినా, రామచంద్రం సార్ "నువ్వేం చేశావయ్యా ఓబులేసూ?" అని అడిగితే నోరు పెగల్లేదు. ఈసారి ఆ కుక్కరు నా తరఫున మాట్లాడుతుందిలే అనుకున్నాను.

ముందుగా క్లాసులో వినిపించాం. రైలు కదిలింది. అందరూ కళ్లు మూసుకున్నారు. చీపురు, పావురాలు, అంతా బాగానే నడిచింది. కుక్కరు బుస మొదలైంది. ఒక విజిల్. ఇంకో విజిల్. అక్కడ జశ్వంత్ దాన్ని మెల్లగా తగ్గించేసి చెరువు గాలి పెట్టాడు. గాలి వీస్తూనే ఉంది, జనం ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. చివరికి సార్ కూడా.

"ఏమిటో, మనసు కుదురుగా నిలవలేదు," అన్నారాయన. "కుక్కర్ దగ్గరే చెడింది. వచ్చేవారం ఆఫీసులో వినిపించాలి. ఆలోగా సరిచేసుకోండి."

బయటికి రాగానే జశ్వంత్, "గా కుక్కర్ తీసేద్దాం రా. ధ్యానంల కుక్కరేంది? జర గాలి పెంచుత, ఖతం," అన్నాడు.

"వాడు తెచ్చింది అదొక్కటేరా," అంది రమ్య.

"మరేం జేద్దాం? అందరి కండ్లు తెరిపిచ్చింది గదా!"

వాళ్లు కళ్లు చూశారు. నేను చేతులు చూశాను. రెండో విజిల్ తర్వాత ముందు వరుసలో వాళ్ల వేళ్లు మెల్లగా బిగుసుకున్నాయి. సార్ తల తలుపు వైపు తిరిగింది, వంటిల్లు అటే ఉన్నట్టు. అందరూ మూడోదాని కోసం కాచుకున్నారు. మేమే దాన్ని రానివ్వలేదు.

"తీసేయొద్దు," అన్నాను. "మూడో విజిల్ కావాల. స్టవ్ కట్టేసేదాకా ఉండాల."

ఇద్దరూ ఆగి నావైపు చూశారు.

"ఆఫీసుల గూడ గిట్లనే అయితే?"

"కుక్కరు ఉంచమన్నది నేనేనని సార్‌కు చెప్తా."

నా రికార్డు రెండో విజిల్ దగ్గరే ఆగిపోయింది కాబట్టి, ఆదివారం మళ్లీ రమ్య వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ జయంతి ఆంటీ కందిపప్పు కడుగుతూ, "ఏం బాబూ, పప్పు తినడానికొచ్చావా, వినడానికొచ్చావా?" అంది.

"రెండూ ఆంటీ."

"నయం! మీ అంకుల్ పెళ్లయినప్పట్నుంచీ తింటున్నారు గానీ, ఒక్కరోజన్నా విన్నారా?"

"వినకపోతే నువ్వు ఫోన్లో ఉన్నప్పుడు స్టవ్ కట్టేసేదెవరట?" అన్నారు హాల్లోంచి పార్థసారథి అంకుల్.

"నాన్నా, ష్!" అంది రమ్య.

ఫ్యాను ఆపేశాం. అందరం ఊపిరి బిగపట్టి కూర్చున్నాం. మొదటిది కూసింది. రెండోది కూసింది. మూడోది కాసేపు రానా వద్దా అని ఊగిసలాడి, గట్టిగా వచ్చింది. ఆంటీ స్టవ్ కట్టేసింది. టక్. ఆ తర్వాత ఆవిరి సన్నబడి, ఇంకా సన్నబడి, కుక్కరు తనలో తాను సర్దుకుంది. చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఆ కదలకపోవడాన్ని కూడా రికార్డు చేశాను.

ఆఫీసులో గదినిండా జనం, మెడల్లో ఐడీ కార్డులు. అద్దాల అవతల ఫ్లైఓవర్ మీద బండ్లు చప్పుడు లేకుండా పాకుతున్నాయి. రైలు, చీపురు, పావురాలు అయ్యాయి. బుస మొదలైంది. మొదటి విజిల్. రెండోది. ఒకావిడ కనుబొమలు ముడిచింది. జశ్వంత్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

మూడో విజిల్.

టక్ అన్నప్పుడు, కళ్లు తెరవకుండానే ఆవిడ చెయ్యి ఒడిలోంచి లేచి గాలిలో స్టవ్ నాబ్ తిప్పింది. గదంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు వినపడింది. గాలి వీచినంతసేపూ ఏ ఒక్కరూ కళ్లు తెరవలేదు.

అయిపోయాక వెనకనుంచి ఒకాయన, "ఎవరింటి పప్పు భయ్ ఇది? జర అడ్రస్ చెప్పుండ్రి!" అన్నాడు. అందరూ నవ్వారు. రామచంద్రం సార్ మా దగ్గరికొచ్చారు.

"ఆ కుక్కర్ ఎవరిదయ్యా?"

జశ్వంత్ చెప్పబోయి ఆగి, నావైపు చూశాడు.

"నాది సార్," అన్నాను. గదిలో అందరికీ వినపడేట్టే అన్నాను.