మందెట్టిన ఆడది

"పులుసులో కలిపీయే. ఆడికేటి తెలస్తాది?" అంది దేముడమ్మ.

అమ్మడు పెరట్లో కూర్చుని కవ్వళ్ళ చేపలు తోముతోంది. చేతుల నిండా పొలుసు. అత్త కొంగుముడి విప్పి, కాగితంలో మడిచిన తెల్లటి పొడి కోడలి ముక్కు కిందకి చాపింది. ఇంట్లో మిగిలిన బిళ్ళలన్నీ పొద్దున్నే కూర్చుని మెత్తగా నూరిందన్నమాట. నూరే పని తనది, పెట్టే పని కోడలిది.

"ఆడికి తెలకుండా ఎట్టకూడదని డాక్టరమ్మ సెప్పింది. నువ్వూ ఇన్నావు కదత్తా?"

"ఆయమ్మకేటి తెలుసు? ఆయమ్మ మొగుడు తాగొచ్చి తంతాడేటి? నీ మొగుడు, నువ్వే బాగుసేసుకోవాల."

నీ మొగుడు. ఆ మాటకి అమ్మడుకి ఒళ్ళు మండింది. పడవ నిండా చేప పడ్డ రోజు లక్ష్ముడు 'నా కొడుకు'. తాగి ఇసకలో బోర్లా పడ్డ రోజు 'నీ మొగుడు'. పెళ్ళయిన దగ్గర్నించీ ఇదే వరస. హుద్‌హుద్ తుఫానుకి ముందూ తాగేవాడు, తుఫాను పడవని ముక్కలు చేశాక ఆ దుఃఖం పేరు చెప్పి తాగాడు, సర్కారు కొత్త పడవకి సాయం చేశాక ఆ సంతోషానికి తాగాడు. చివరికి ఒకనాడు తెల్లారే చేతులు వణికి, తాడు పట్టుకోలేక పడవలోంచి పడ్డాడు. అప్పుడు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది అమ్మడే. వణుకు తగ్గేదాకా వార్డులో అతని పక్కన నేల మీద పడుకున్నదీ అమ్మడే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ బిళ్ళ తాగాలన్న కోరికని చంపదు లక్ష్ముడూ. ఇది ఒంట్లో ఉండగా తాగావంటే ఆ తాగిందే విషమవుతుంది. మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే తాగడం ఆపాకే, నీకు తెలిసి, నువ్వు ఒప్పుకునే వేసుకోవాలి. బిళ్ళ మానేసినా రెండు వారాల దాకా చుక్క ముట్టకూడదు. దగ్గు మందైనా సరే, అడగకుండా తాగొద్దు. కళ్ళు పచ్చబడితే వెంటనే వచ్చెయ్యి." తరవాత అమ్మడు వైపు తిరిగి, "నువ్వు దగ్గరుండి చూడొచ్చమ్మా. కూరల్లో, అన్నంలో దాచి పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు," అంది.

అంతా విని లక్ష్ముడు ఏమన్నాడు? "మా యాడది సూసుకుంటాదండి," అన్నాడు. బిళ్ళల అట్ట అతని చేతిలోంచి ఆమె చేతిలోకి అలా వచ్చిపడింది. ఎప్పుడు తన పనయిందో ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. తెల్లారకుండా ఒడ్డుకెళ్ళి వేలంలో చేప పాడుకోవాలి, గంప నెత్తినెట్టుకుని శ్రీకూర్మం వీధులన్నీ తిరగాలి, వచ్చి వండాలి, అందరికీ పెట్టాలి. వీటన్నిటికంటే ముందు మొగుడి నోటి ముందు నిలబడి, అతను మింగాడో లేదో చూడాలి. అతను నాలిక కింద దాచి గోడవతల ఉమ్మేసేవాడు. వీధిలో ప్రతివాళ్ళూ "ఏసుకున్నాడేటే?" అని ఆమెనే అడిగేవారు. లక్ష్ముడు ఎదురుగానే కూర్చుని బీడీ కాలుస్తున్నా అతన్ని అడిగినవాళ్ళు లేరు. చివరికి బిళ్ళ మానేసి, కొన్నాళ్ళకి మళ్ళీ తాగొచ్చిన రోజున, "నువ్వు సరిగ్గా సూడనేదే," అంది దేముడమ్మ. తాగినవాడికి ఆకలేస్తుందని వేడన్నం పెట్టింది.

ఇప్పుడు ఈ పొడి.

ఈ వైపు బిళ్ళనీ మందే అంటారు, బ్రాందీనీ మందే అంటారు. మూడో మందు ఇంకొకటుంది. మొగుడు పెళ్ళాం మాట వింటే "మందెట్టీసింది" అంటారు. తల్లిని కాదని వేరు కాపురం పెడితే "మందెట్టీసింది". మంచాన పడితే మరీనూ. మొగవాడు ఆడదానికి మందెట్టాడని మాత్రం ఈ ఒడ్డున పుట్టినవాళ్ళెవరూ విని ఉండరు. ఆ పేరు ఒకసారి పడిందా, ఇక ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. పక్క వీధి నారాయణమ్మ మొగుడు కడుపునొప్పితో పోయాడు. ఆమె చేతి చేప ఇప్పటికీ ఎవరూ కొనరు.

పేరు మాట అలా ఉంచినా, మనిషి చచ్చిపోతాడే! తిట్టుకున్నా కొట్టుకున్నా, తెలియని మనిషికి అన్నంలో చావు కలిపి పెట్టడం అమ్మడు వల్ల కాదు. అత్త చేతిలోంచి కాగితం లాక్కుని చేపలు కడిగిన నీళ్ళలో దులిపేసింది. ఆ నీళ్ళు గోతిలో పారబోసింది.

"మొగుడి మీద పేమున్న ఆడదైతే ఇలా సేస్తాదేటి?" అని దేముడమ్మ వీధంతా వినబడేలా అరిచింది.

మర్నాడు మధ్యాహ్నం గంప ఇంకా సగం నిండుగా ఉండగానే శ్రీకూర్మంలో అమ్మడు సెల్ మోగింది. ఆటో దిగేసరికి ఇంటి ముందు జనం. లక్ష్ముడు అరుగు మీద పడున్నాడు. మొహం, మెడ, కళ్ళు ఎర్రగా కందిపోయాయి. కక్కుతున్నాడు, గుండె పట్టుకుని ఊపిరందక రొప్పుతున్నాడు. తాగొచ్చి ఇలా పడిపోయాడన్నారు. దేముడమ్మ గుండెలు బాదుకుంటూ కోడల్ని చూసింది. చూస్తూనే వేలెత్తింది.

"ఓలమ్మో! నా కొడుక్కి మందెట్టీసిందర్రో!"

జనం పక్కకి జరిగి అమ్మడుకి దారిచ్చారు. గౌరవానికి కాదు, ఆమె తగలకూడదని.

డాక్టరమ్మ చెప్పిన గుర్తులన్నీ ఆ మొహం మీదే ఉన్నాయి. ఇదేమిటో, ఎవరు చేశారో అమ్మడుకి అర్థమైపోయింది. అప్పుడే అత్త జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్వాలనిపించింది. ఈడ్చే టైమెక్కడిది? నూటెనిమిది బండి వచ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు గదమాయించాడు. "ఏం తిన్నాడు? ఏం మందులు వాడుతున్నాడు? తొందరగా చెప్పండి!"

కూడా వచ్చిన వీధివాళ్ళు నేల చూపులు చూశారు. "ఆడి యాడదాన్నడగండి బాబూ," అన్నాడొకడు. దేముడమ్మ గోడ చూసింది. అమ్మడుకి తెలుసు, ఇప్పుడు బిళ్ళ మాట తన నోట వస్తే మందెట్టిందన్న పేరు తన నుదుటన రాసుకున్నట్టే. నోరు విప్పకపోతే వీళ్ళు గుండెజబ్బనుకుని ఇంకేదో చేస్తారు, మనిషి పోతాడు. ఎంత అన్యాయం! చేసినవాళ్ళు మాట్లాడరు, చెయ్యనిదే చెప్పాలి.

"తాగుడు మానిపించే బిళ్ళ బాబూ," అంది గట్టిగా. "ఆయనకి తెలకుండా తినిపించేరు. దాని మీద తాగేడు."

"ఎవరు తినిపించారు?"

"ముందు మనిషిని సూడండి బాబూ. ఎవరన్నది ఎక్కడికీ పారిపోదు."

సెలైను పెట్టారు, ఆక్సిజను పెట్టారు. తెల్లారేసరికి గండం గడిచిందన్నారు. సకాలంలో చెప్పబట్టి బతికాడమ్మా అని నర్సు అంది. అది విన్నది అమ్మడొక్కతే.

వరండాలో కుళాయి దగ్గర దేముడమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "పొద్దున్న సోడి అంబలిలో కలిపీసినానే. మందుల షాపోడిని అడిగి తెచ్చినాను. ఇలాగవుతాదని నాకు తెల్దే. ఆడికి సెప్పీకు, నన్ను ఇంట్లోంచి గెంటీస్తాడు. నువ్వైతే పెళ్ళానివి. నాలుగు తంతాడు, మరిసిపోతాడు."

ముసలిది పట్టిన చెయ్యి వదల్లేదు. ఈమె కూడా మొగుడి చేత తన్నులు తిన్నదే, ఇప్పుడు కొడుక్కి భయపడుతోంది. అమ్మడుకి జాలేసింది. కానీ ఆ నాలుగు తన్నులు తన వీపు మీద పడాలని ఎంత తేలిగ్గా అనేసింది! జాలి అక్కడితో ఆగిపోయింది. చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచింది.

లక్ష్ముడు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి, వార్డులో అందరికీ వినబడేలా, "పోన్లెయ్యే. నా మంచికే ఎట్టేవు. నాను మన్నించీసినాను," అన్నాడు.

పక్క మంచం ఆవిడ, "ఎంత దొడ్డ మనసు!" అంది.

మన్నించాడట! అమ్మడుకి చెవులు వేడెక్కిపోయాయి. "నానెట్టనేదు మావా. మీ యమ్మెట్టింది. ఎదురుగానే ఉన్నాది, అడుగు."

దేముడమ్మ తల వంచేసింది. లక్ష్ముడు తల్లి వైపు చూశాడు. ఇప్పుడు మంచం విరిగిపోయేలా అరుస్తాడని అమ్మడు కాసుకుని నిలబడింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కన్నపేనం కాదేటి! ఊరుకోనేక ఎట్టీసుంటాది," అన్నాడు.

అంతే. అదే బిళ్ళ కోడలి చేత్తో పెడితే నేరం, దానికో మన్నింపు. తల్లి చేత్తో పెడితే ప్రేమ, దానికి కన్నీళ్ళు.

"మరి ఈదిలో నన్నన్న మాటో?" అంది అమ్మడు.

"కంగార్లో అన్నానే," అంది దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. లక్ష్ముడు ఫ్యాను వైపు చూశాడు.

అప్పుడే నర్సు వచ్చింది. "ఆ బిళ్ళ ఇప్పుడొద్దన్నారు డాక్టరుగారు. పరీక్షలయ్యాక, ఈయనకి మానాలని ఉంటే మాట్లాడదామన్నారు. ఇవి బలానికి. ఈయన మందులు ఎవరు చూసుకుంటారు?"

లక్ష్ముడి గడ్డం అమ్మడు వైపు లేచింది. దేముడమ్మ వేలు కూడా లేచింది, నిన్న వీధిలో లేచిన వేలే. ఎవరో తెలియని పక్క మంచం ఆవిడ కూడా అమ్మడునే చూపించింది. నర్సు ఆమె అరచేతిలో బిళ్ళ పెట్టి వెళ్ళిపోయింది.

"నువ్వే ఎట్టే. నీ సేత్తో ఎడితేనే మింగుతాను," అని ముద్దుగా నవ్వి లక్ష్ముడు నోరు తెరిచాడు. వార్డులో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

అమ్మడు ఆ నోటిలోకి చూసింది. ఇన్నేళ్ళూ తను అన్నం పెట్టిన నోరు, తనని తిట్టిన నోరు, తను కాపలా కాసిన నోరు. ఇప్పుడీ బిళ్ళ అందులో వేస్తే, రేపటి మంచీ చెడూ అంతా మళ్ళీ తన చేతిదే అవుతుంది.

"నోరు ముయ్యి మావా," అంది. "సెయ్యి సాపు."